చిన్న ఊరి మురుగునీటి పనుల్లో ముందు ఏది: ప్లాంటా, పైపులా?

పంపుగది:
పాత మురుగునీటి శుద్ధి ప్లాంటు, దానికంటే పాత డ్రైనేజీ లైన్లు ఉన్న చిన్న ఊరికి రెండూ ఒకేసారి మార్చే స్తోమత ఉండదు, అందుకే ఈ తగువు. నేనైతే ముందు లైన్లే అంటాను. గట్టి వాన పడిన రోజు ప్లాంటుకు మామూలు కంటే రెండు మూడు రెట్లు నీళ్లొస్తున్నాయంటే అవి ఇళ్లలోంచి వచ్చినవి కావు కదా. పగిలిన పైపుల్లోకి, వదులైన జాయింట్లలోకి భూగర్భజలం ఊరుతుంది, డాబాల మీది వాననీటి గొట్టాలు తెచ్చి డ్రైనేజీకి కలిపేస్తారు, మూత సరిగా లేని మ్యాన్‌హోల్‌లోకి రోడ్డు మీది నీళ్లు దిగుతాయి. వీటన్నిటికీ సరిపడేంత పెద్ద ప్లాంటు కడితే ఆ వాననీటిని పంపు చేసే కరెంటు బిల్లు జనం ఏళ్ల తరబడి కడుతూనే ఉండాలి.

గట్టుమీద:
లైన్లు బాగయ్యేదాకా వాగులోకి వదిలే నీళ్ల సంగతేంటండీ? ఇళ్ల నుంచి వచ్చే మురుగులో బీఓడీ, అంటే అందులోని మలినాన్ని తినడానికి సూక్ష్మజీవులకు కావలసిన ఆక్సిజన్, సాధారణంగా లీటరుకు 200 నుంచి 300 మిల్లీగ్రాములు. ప్లాంటు సరిగ్గా నడిస్తే అది 30 కంటే తగ్గుతుంది. మురుగులోకి గాలి కొట్టే యంత్రాలు, అంటే ఏరేటర్లు, మూలపడ్డ ప్లాంటు నుంచి మాత్రం దాదాపు వచ్చింది వచ్చినట్టే పోతుంది, వాగులో ఆక్సిజన్ పడిపోయి చేపలు చస్తాయి, దిగువన ఆ నీళ్లు వాడుకునేవాళ్లు జబ్బుపడతారు. పైగా లైన్లు బాగుచేస్తే నీళ్లు తగ్గిపోతాయన్నది సగం నమ్మకమే. ఒక పగులు మూస్తే భూగర్భజలం మట్టం పెరిగి పక్క పగుల్లోంచి వస్తుంది. ఇంటి నుంచి మెయిన్‌కు వచ్చే చిన్న పైపు ఇంటివాళ్లది, దాన్ని ఎవరూ ముట్టుకోరు, లీకుల్లో పెద్ద వాటా మాత్రం దానిదే అవుతుంది.

పంపుగది:
ఇంటి పైపుల గురించి మీరన్నది నిజం, వాటిని వదిలేసి మెయిన్ ఒక్కటే మారిస్తే డబ్బు దండగ. కానీ కొత్త ప్లాంటు వాగును కాపాడుతుందన్న దగ్గరే నాకు అభ్యంతరం. 1914లో మాంచెస్టర్‌లో మొదలైన యాక్టివేటెడ్ స్లడ్జ్ పద్ధతే ఇవాళ్టికీ చాలా ప్లాంట్లకు ఆధారం. గాలి కొట్టిన ట్యాంకులో సూక్ష్మజీవులు మలినాన్ని తింటాయి, తర్వాతి ట్యాంకులో బురదగా అడుగుకు చేరతాయి, ఆ బురదలో కొంత మళ్లీ వెనక్కి పంపుతారు. వరదలా నీళ్లొచ్చిపడితే అది అడుగుకు చేరే టైమే ఉండదు, నీళ్లతో పాటే కొట్టుకుపోతుంది. అమ్మోనియాను తొలగించే బ్యాక్టీరియా మరీ నెమ్మదిగా పెరుగుతుంది, ఒకసారి పోతే మళ్లీ కుదురుకోవడానికి వారాలు పట్టొచ్చు. లైన్లు ఇలాగే ఉంటే కొత్త ప్లాంటుకూ ఇదే గతి, అప్పుడు వాగుకు ఒరిగిందేమిటి?

చివరివీధి:
ఇద్దరూ నీళ్లు లోపలికి రావడం గురించే మాట్లాడుతున్నారు, ఎండాకాలంలో అవే పగుళ్లలోంచి మురుగు బయటికి పోతుంది. పక్కనే లీకులున్న మంచినీళ్ల పైపు ఉండి, అందులో నీళ్లు రోజుకు కొన్ని గంటలే వస్తే, ఖాళీగా ఉన్నప్పుడు ఆ మురుగును లోపలికి లాగేసుకుంటుంది. మా వీధివాళ్లకు టెన్షన్ అంతా దాని గురించే.

గట్టుమీద:
చివరివీధి గారూ, మీ మాటతో లైన్ల మీద నా అభిప్రాయం కొంత మారింది, మంచినీళ్ల పైపు పక్కన ఉన్న ముక్కలు ముందు మార్చాల్సిందే. ఏరేటర్ల రిపేరు ఆపడానికి మాత్రం ఒప్పుకోను. అది కొత్త ప్లాంటు కట్టడం కాదు, ఉన్నదాన్ని నడపడం.

పంపుగది:
ఏరేటర్లు ఇప్పుడే బాగుచెయ్యండి, దానికి నేనూ సరే. కొత్త ట్యాంకుల సైజు తేల్చేముందు మాత్రం ఒక వానాకాలం మొత్తం కొలవాలి. తెల్లవారుజామున రెండు నుంచి నాలుగు మధ్య ఊరంతా నిద్రపోతుంది, చుట్టుపక్కల రాత్రిపూట నడిచే ఫ్యాక్టరీలేవీ లేకపోతే ఆ టైములో పైపులో పారేది చాలావరకు భూగర్భజలమే. ప్రతి పంపింగ్ స్టేషన్ దగ్గరా ఆ లెక్క తీస్తే ఏ వార్డు లైను కారుతోందో తెలిసిపోతుంది, ఆ వార్డులో కెమెరా దించి చూస్తే చాలు, ఊరంతా తవ్వక్కర్లేదు. పొగ వదిలి చూస్తే డాబా గొట్టాలు ఎక్కడ కలిపారో కూడా బయటపడుతుంది. ఈ లెక్క లేకుండా ప్లాంటు టెండరు పిలిస్తే మాత్రం నేను వ్యతిరేకిస్తాను.