పాత టర్బో డీజిల్ కారు: ఎక్కుడులో నల్ల పొగ, పొద్దున తెల్ల పొగ. టర్బో మార్చాల్సిందేనా?

ఖమ్మం_కారు:
అందరికీ నమస్తే. మా నాన్నగారి కారు 2012 మోడల్, 1.3 లీటర్ల టర్బో డీజిల్, హైదరాబాద్‌లో కొన్నది, 1,68,000 కిలోమీటర్లు తిరిగింది. రెండు నెలల నుంచి పికప్ లేదు. పోయిన వారం శ్రీశైలం వెళ్తుంటే లింగాలగట్టు దాటాక ఎక్కుడులో మూడో గేరు లాగలేదు, రెండులో వేసి తొక్కితే వెనక బండి అద్దంలో కనపడనంత నల్ల పొగ. ఆ పొగలోనే చంటిబిడ్డను ఒళ్లో పెట్టుకుని బైకు మీద వస్తున్న ఒకావిడ కొంగు అడ్డం పెట్టుకోవడం చూసి మనసు పాడైపోయింది, బండి పక్కకు ఆపేశాను.

ఇది కాక పొద్దున్నే స్టార్ట్ చేస్తే ఒక నిమిషం తెల్ల పొగ, బండంతా వణుకు, తర్వాత అదే సర్దుకుంటుంది. ఇంజిన్ ఆయిల్ కూడా కొద్దిగా తగ్గుతోంది. పొల్యూషన్ టెస్టులో పొగ రీడింగ్ 2.1 వచ్చి ఫెయిలయింది.

ఒక షెడ్డులో టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపేది) పోయింది, 38 వేలు అవుతుందన్నారు. ఇంకో షెడ్డులో పిస్టన్ రింగులు అరిగాయి, ఇంజిన్ విప్పాలి, లక్ష దాకా అవుతుందన్నారు. ఇద్దరూ పొగ చూసి చెప్పినవాళ్లే, కింద దూరి చూసినవాళ్లు లేరు. నాన్న రిటైరయ్యారు, అంత డబ్బు పెట్టే పరిస్థితి లేదు, అలాగని అమ్మేద్దామంటే ఆయనకు ఆ బండంటే ప్రాణం. ఎక్కడ మొదలుపెట్టాలి?

పాతషెడ్డు:
తమ్ముడూ, ఆగు, ఇప్పుడే డబ్బు పెట్టకు. నువ్వు చెప్పింది ఒక జబ్బు కాదు, రెండు. కలిపి చూస్తే ఇంజినే పోయినట్టు కనిపిస్తుంది, విడదీసి చూస్తే రెండూ చిన్నవే కావచ్చు. పొగ రంగు ఒక్కటే చూస్తే సరిపోదు, ఎప్పుడు వస్తోంది, ఎంతసేపు వస్తోంది, వాసన ఎలా ఉంది అన్నదే అసలు సంగతి.

నల్ల పొగ అంటే పోస్తున్న డీజిల్‌కు సరిపడా గాలి అందట్లేదని. నీకు లోడు మీదే వస్తోంది, పికప్ కూడా పోయింది కాబట్టి నేనైతే ముందు టర్బో నుంచి, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కు, అక్కడి నుంచి ఇంజిన్‌కు వెళ్లే రబ్బరు పైపులు చూస్తాను. పదేళ్లు దాటితే లోపల ఆయిల్ ఆవిరి తగిలి తగిలి రబ్బరు మెత్తబడి, క్లాంపు పక్కన గానీ వంపులో కింది వైపు గానీ చీలుతుంది. బండి ఊరికే ఆన్‌లో ఉన్నప్పుడు ఆ చీలిక మూసుకునే ఉంటుంది, ఎక్కుడులో ప్రెషర్ వచ్చినప్పుడే నోరు తెరుస్తుంది, అందుకే షెడ్డులో నిలబెట్టి రేస్ చేస్తే దొరకదు. తొక్కినప్పుడు ఉస్సుమని గాలి పోతున్న శబ్దం ఉందా? ఇంజిన్ చల్లారాక పైపును వంచి చూడు, కనపడని వైపు వేలితో తడుము. జిడ్డు మీద దుమ్ము పట్టి ముద్దలా ఉన్నచోట ఎక్కువ అనుమానించు. ఎయిర్ ఫిల్టర్ ఎలాగూ తీసి చూస్తావు. ఈజీఆర్ వాల్వ్ (పొగలో కొంత మళ్లీ ఇంజిన్‌లోకి పంపేది) మసి పట్టి తెరుచుకునే ఉండిపోయినా ఇలాంటి పొగే వస్తుంది, కానీ అది పైపుల తర్వాత.

తెల్ల పొగ దగ్గర నిలబడితే కళ్లు మండి పచ్చి డీజిల్ వాసన వస్తోందంటే హీటర్ ప్లగ్గులు (చల్లటి ఇంజిన్ స్టార్టయ్యేటప్పుడు సిలిండర్లను వేడిచేసేవి) చెక్ చేయించు. నాలుగింటిలో ఒకటి పోయినా ఆ సిలిండర్‌లో డీజిల్ సరిగా అంటుకోక అలాగే బయటికి వస్తుంది, వణుకు అందుకే. బండి వేడెక్కాక కూడా తెల్ల పొగ ఆగకుండా, కూలెంట్ తగ్గుతూ, తియ్యటి వాసన వస్తుంటే అది వేరే కథ, హెడ్ గాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకూ పైన హెడ్డుకూ మధ్య ఉండే సీలు) చూడాలి.

బెజవాడ_డీజిల్:
పాతషెడ్డు గారు చెప్పిన దానికి ఒకటి కలుపుతాను. టర్బో మీద అనుమానం ఉంటే గాలి లోపలికి వెళ్లే పైపు విప్పి, ఇంజిన్ ఆపి ఉన్నప్పుడే, షాఫ్టు కొనను రెండు వేళ్లతో పట్టుకుని చూడాలి. పక్కలకు వెంట్రుకవాసి కదిలితే పర్లేదు, ముందుకీ వెనక్కీ లాగితే కదలకూడదు, రెక్కలు గోడకు రాసుకున్న గీతలు ఉండకూడదు. పైపుల లోపల పలచగా ఆయిల్ తడి ఉండటం మామూలే, ఇంజిన్ లోపలి ఆవిరి బయటికి పోయే బ్రీదర్ నుంచి వస్తుంది. గుడ్డకు ధారగా కారేంత ఉంటే మాత్రం బండి నడపొద్దు. మా బాబాయి బండికి టర్బో సీలు పోయి ఆయిల్ లోపలికి పోతే, తాళం తీసేసినా ఇంజిన్ ఆగలేదు, ఆ ఆయిల్‌నే మండించుకుంటూ అరుస్తూ తిరిగింది. అలా జరిగితే టాప్ గేరులో వేసి, బ్రేకు గట్టిగా తొక్కి పట్టి, క్లచ్ వదిలేయాలి. గాలి దారికి చేయి మాత్రం అడ్డం పెట్టొద్దు. అన్నట్టు నీలం పొగ ఎప్పుడైనా కనపడిందా? రింగులు, వాల్వ్ సీల్స్, టర్బో ఏది పోయినా ఆయిల్ కాలితే వచ్చే రంగు అదే. నీ పోస్టులో ఆ మాట లేదు, నాకు అదే ధైర్యంగా ఉంది.

లెక్కలసారు:
టెస్టు విషయం. హైదరాబాద్‌లో 2010 నుంచే బీఎస్ 4 (బండ్ల పొగ ప్రమాణం) వచ్చింది కాబట్టి మీ బండికి పరిమితి 1.62. అంతకు ముందు బండ్లకు 2.45. మీ 2.1 అందుకే ఫెయిల్. మళ్లీ వెళ్లేముందు ఒక ఇరవై కిలోమీటర్లు నడిపి, ఇంజిన్ బాగా వేడి మీదుండగా తీసుకెళ్లండి.

ఖమ్మం_కారు:
అన్నా, దొరికింది! ఇంటర్‌కూలర్ నుంచి పైకి వచ్చే పైపు, వంపులో కింది వైపు, నా బొటనవేలంత చీలిక. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు, వేలు పెట్టి తడిమితే లోపలికి దిగిపోయింది. చుట్టూ బంక మసి, ఆయిల్ కొంత అక్కడి నుంచే చిమ్ముతున్నట్టుంది. టర్బో షాఫ్టు గట్టిగా ఉంది, గీతలు లేవు. పైపు, రెండు కొత్త క్లాంపులు కలిపి 2,400 అయింది. హీటర్ ప్లగ్గులు మీటరు పెట్టి చూస్తే మూడో సిలిండర్‌ది పూర్తిగా పోయింది, నాలుగూ మార్పించేశాను. నీలం పొగ నేనైతే ఇంతవరకూ చూడలేదు.

నిన్న వైరా దాకా వెళ్లొచ్చి అటు నుంచే టెస్టుకి వెళ్లాను, 0.9 వచ్చింది. పొద్దున స్టార్ట్ చేస్తే నాన్న సైలెన్సర్ వెనక తెల్ల రుమాలు పట్టుకుని నిలబడ్డారు, తర్వాత ఫోటో తీసి మా అక్కకు పంపారు.

ఆయిల్ గేజ్ మీద గీత పెట్టుకున్నాను, వెయ్యి కిలోమీటర్లు తిరిగాక ఎంత తగ్గిందో చూసి ఇక్కడే రాస్తాను.

పాతషెడ్డు:
సంతోషం తమ్ముడూ. రెండో వైపు పైపు కూడా అదే వయసుది, వచ్చే సర్వీసులో దాన్నీ మార్చేయించు.