పాత ఇంటి ముందు గోడ ఒక్కటే ఉంచితే కాపాడినట్టేనా?

ప్రశ్న:
రెండంతస్తుల పాత ఇల్లొకటి మా బృందం చేతికొచ్చింది. కూల్చకుండా లైబ్రరీగా మార్చాలని మా ఆశ. ఆర్కిటెక్టేమో ముందు గోడ ఉంచి వెనకంతా కొత్తగా కట్టేద్దాం, వారసత్వం నిలిచినట్టే అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. అసలు ఏది మిగిలితే ఆ ఇల్లు మిగిలినట్టు?

జవాబు 1:
లోపలి చోటు మిగలాలండీ. లండన్‌లో టేట్ మోడర్న్ ఒకప్పుడు విద్యుత్ కేంద్రం, 1981లో మూతపడితే 2000లో మ్యూజియంగా తెరిచారు. టర్బైన్లు ఉన్న హాలును అంతస్తులుగా విడగొడితే బోలెడు గదులు వచ్చేవి, కానీ అంతెత్తు హాలునీ అలాగే వదిలేశారు, ఇప్పుడు భారీ కళాకృతులు పెట్టేది అక్కడే. పారిస్‌లో ఓర్సే మ్యూజియం కూడా 1900 నాటి రైల్వే స్టేషనే, దాని పెద్ద గడియారాలు ఇంకా గోడకే ఉన్నాయి. ముందు గోడ ఒక్కటే నిలబెడితే అది తొడుగు, ఇల్లు కాదు.

జవాబు 2:
పాత కట్టడాల మరమ్మతు నా పని, అందుకే గోడల గురించి చెప్తాను. సున్నంతో కట్టిన గోడ లోపలి చెమ్మను బయటికి వదులుతూ ఉంటుంది. దాని మీద సిమెంటు పూశారంటే చెమ్మ లోపలే చిక్కుకుంటుంది, కొన్నాళ్లకు తెల్లగా ఉప్పు తేలుతుంది, పూత పెచ్చులుగా ఊడొస్తుంది, ఆ వెనక ఇటుకను వేలితో గీకితే పొడి రాలుతుంది. అప్పుడు అందరూ 'పాతదైపోయింది, కూల్చాల్సిందే' అంటారు, పాడుచేసిందేమో ఆ సిమెంటు! సున్నంతోనే మరమ్మతు చేయించండి. ఇంకోటి, లైబ్రరీ అంటున్నారు కాబట్టి, కిక్కిరిసిన పుస్తకాల అరల బరువు మామూలుగా ఇంటి అంతస్తుకు లెక్కగట్టే బరువుకు మూడు రెట్ల పైమాటే. అరలన్నీ కింద పెట్టి, పైన చదువుకునే బల్లలు వేయండి.

జవాబు 3:
గోడలు సరే, చుట్టుపక్కల మనుషుల మాటేంటి? న్యూయార్క్‌లో పాత రైలు వంతెనను హైలైన్ పార్కుగా మార్చి 2009లో తెరిచారు. చూడటానికి ఎంతో బాగుంటుంది, కానీ చుట్టూ ఆస్తుల ధరలు బాగా పెరిగాయి, దగ్గర్లో ఉండే పేద కుటుంబాలకు ఆ పార్కు తమదన్న భావనే కలగలేదు. ప్లాను గీయకముందే పక్కిళ్ల వాళ్లను కూర్చోబెట్టి ఏం కావాలో అడగండి, లైబ్రరీ కన్నా పిల్లల్ని చూసుకునే చోటే వాళ్లకు ఎక్కువ అవసరం కావచ్చు.

అడిగినవారు:
బరువు సంగతి అసలు తట్టలేదు, మేం అరలన్నీ మేడమీదే గీసుకున్నాం. వెనక గదుల్లో ఒక గోడకు ఇప్పటికే సిమెంటు పూసి ఉంది, కింద తెల్లటి చార కూడా ఉంది. దాన్ని గీకించేయొచ్చా, ఇటుక కూడా ఊడొస్తుందా?