బంధువుల పేర్లు రాయమన్నారు, ఎక్కడ ఆపాలి?

చెరువుగట్టు (భీమవరం):
రొయ్యల ఎగుమతి కంపెనీలో కొనుగోళ్లు చూస్తానండి. మా సరుకు తీసుకునే ఇంగ్లండ్ వాళ్లు ఒక ఫారం పంపారు. మనం సరుకు కొనే రైతుల్లో మన బంధువులుంటే పేర్లు రాయాలట. మూడు గీతలు ఇచ్చారు! ఉండి, కాళ్ల, ఆకివీడు, ఏ గట్టెక్కినా ఎవరో ఒకరు "బావా, టీ తాగి వెళ్లు" అంటారు. మేనమామ తోడల్లుడు బంధువా, కాదా? మా ఎండీ గారైతే "నిల్ అని పెట్టెయ్, వాళ్లకేం తెలుస్తుంది" అన్నారు.

అదొక్కటే అయితే ఇక్కడిదాకా వచ్చేవాణ్ని కాదు. పోయిన నెల మా బామ్మర్ది చెరువు పట్టుబడి. తెల్లవారుజామున కిలో తూచి, ట్రేలో పోసి లెక్కపెట్టారు. 43 వచ్చాయి. మావాడు నా వైపు చూశాడు. సూపర్‌వైజరూ నా వైపే చూశాడు. నేను ఫోన్ చూసుకున్నాను. పుస్తకంలో 40 కౌంట్ పడింది. (తెలియనివాళ్లకి: కిలోకి ఎన్ని తూగితే అది కౌంట్. అంకె తగ్గితే రేటు పెరుగుతుంది.) కిలోకి పది రూపాయలు ఎక్కువ, 3 టన్నుల సరుకు. ఏం చేయమంటారు?

పాలకొల్లు కుర్రాడు (లండన్):
నేను చేసేది ఈ ఫారాల పనే. ఇక్కడి 2010 లంచాల చట్టం ముందు "మా ఊళ్లో ఇది మామూలే" అంటే చెల్లదు, ఆ ఊరి రాతపూర్వక చట్టమే ఒప్పుకుంటే తప్ప. కంపెనీ తరఫున ఎవరు లంచమిచ్చినా కంపెనీ బోనెక్కాలి. తగిన జాగ్రత్తలు తీసుకున్నామని చూపించుకుంటేనే బయటపడుతుంది. అందుకే అన్నీ రాయమంటారు. బావ దగ్గర కొన్నందుకు మిమ్మల్నెవరూ అడగరు, నిల్ పెట్టినందుకు అడుగుతారు. ఆ సంతకం మీది, ఎండీ గారిది కాదు.

ఒసాకా నుంచి:
అన్ని దేశాలూ ఒకటి కాదండి. ఇక్కడ వేసవిలో ఒచూగెన్, ఏడాది చివర ఒసెయిబో అని కానుకలు పంపుకోవడం పాత మర్యాద. నేను ఆత్రేయపురం పూతరేకులు తెస్తే మా సార్ సెక్షనంతా పంచారు, పొడి రాలుతుంటే చేతులడ్డం పెట్టుకుని మరీ తిన్నారు. మీ 43 సంగతి మాత్రం ఇక్కడైనా దొంగ లెక్కే.

కాళ్ల రైతు:
నేను మీకు ఏ వరసా కానండి. నా చెరువు మీద శాంపిల్ తీస్తే చిన్న రొయ్యలే ఏరి ట్రేలో పోస్తారు. 43 వస్తే 45 రాస్తారు. మీ బామ్మర్దికి తగ్గించిన మూడూ ఎక్కడికి పోయాయనుకున్నారు? మా చెరువుల్లోకే.

చెరువుగట్టు:
కాళ్ల రైతు గారూ, మీ మాటతో రాత్రి నిద్రపట్టలేదు. ఆ 30 వేలూ బామ్మర్ది తర్వాతి బిల్లులో కోయమని రాసిచ్చాను. ఫారానికి తెల్లకాగితం కలిపి 17 పేర్లు రాశాను, మొదటిది వాడిదే. ఎండీ గారు ఇంకా మాట్లాడలేదు. మా ఆవిడ మాత్రం అన్నం వడ్డిస్తూ "ఇకమీదట మా తమ్ముడి గట్టెక్కకండి, ఇంకెవరినైనా పంపండి" అంది. ఫారంలో చివర, ఇకముందు తీసుకునే జాగ్రత్త ఏమిటని ఒక గడి ఉంది. అదే రాసేశాను.