‘మైమరచి’ అంటే ఏం మరచినట్టు?

అనువాదకురాలు

అందరికీ నమస్కారం. డిగ్రీ పిల్లల కోసం సామాజిక మనస్తత్వశాస్త్రం పాఠాలు కొన్ని తెలుగు చేస్తున్నాను. మూడు పాఠాల్లో ఒకే మాట దగ్గర ఇరుక్కుపోయాను, సాయం కావాలి.

మొదటి పాఠం సృజన గురించి. హంగేరీ మూలాలున్న మనస్తత్వవేత్త చిక్‌సెంట్‌మిహాయి (1934–2021) షికాగోలో ఉంటూ చిత్రకారులనీ కొండలెక్కేవాళ్ళనీ చదరంగం ఆడేవాళ్ళనీ సర్జన్లనీ కూర్చోబెట్టి, పని బాగా సాగుతున్నప్పుడు లోపల ఎలా ఉంటుందని అడిగాడు. ఏదో ప్రవాహం మోసుకుపోతున్నట్టు ఉంటుందని చాలామంది చెప్పారట. వాళ్ళ మాటనే తీసుకుని ఆయన దానికి ‘ఫ్లో’ అని పేరు పెట్టాడు. నేను రాసిన వాక్యం: “చిత్రకారుడు మైమరచి బొమ్మ వేస్తాడు.”

రెండోది రాజకీయ హింస, గుంపుల ప్రవర్తన. నా వాక్యం: “గుంపులో చేరిన మనిషి ఒళ్ళు తెలియకుండా రాళ్ళు విసురుతాడు.”

మూడోది కొత్త టెక్నాలజీ జనంలోకి ఎలా వెళ్తుందన్నది. అందులో ఫోన్ గురించి ఒక పేరా ఉంది. నా వాక్యం: “ఫోన్ చూస్తూ ఒళ్ళు మరచిపోతారు.”

నిన్న రాత్రి ప్రూఫుల కోసం మూడూ వరసగా మా ఆయనకి చదివి వినిపించాను. అంతా విని, “ముగ్గురూ తాగారా?” అన్నాడు. అప్పట్నుంచీ నిద్ర లేదు.

రిటైర్డ్ తెలుగు మాస్టారు

అమ్మా, మీవారు సరైన చోటే పట్టుకున్నారు.

‘మై’ అంటే ఒళ్ళు. అచ్చ తెలుగు మాట. మైపూత అంటే ఒంటికి పూసుకునేది, మైజోడు అంటే ఒంటికి తొడిగే కవచం. ఇప్పుడు విడిగా ఎవరూ వాడరు. ‘మై నొప్పులు’ అంటే నవ్వుతారు. అందుకని మైమరపు, ఒళ్ళు మరవడం పైకి ఒకటే. వాడుకలో మాత్రం దారులు వేరైపోయాయి.

మైమరపు సుఖం వైపు వెళ్ళింది. పాట వింటూ మైమరచిపోతాం, పసివాడి నవ్వు చూస్తూ మైమరచిపోతాం. గమనించండి, రెండు చోట్లా ఊరికే కూర్చుని ఉన్నాం. ‘మైమరచి విన్నాను’ అంటే ఎవరూ ఏమీ అనరు. ‘మైమరచి కుట్టాను’ అంటే మాత్రం సూది గుచ్చుకుందా అని అడుగుతారు. మీ చిత్రకారుడు కుట్టేవాడి లెక్కలోకి వస్తాడు, వినేవాడి లెక్కలోకి రాడు.

ఒళ్ళు ఇంకో వైపు వెళ్ళింది. ఒళ్ళు తెలియని జ్వరం, ఒళ్ళు తెలియని నిద్ర, ఒళ్ళు తెలియని కోపం. పిల్లాడు ఎదురు మాట్లాడితే “ఒళ్ళు దగ్గర పెట్టుకుని మాట్లాడు” అంటాం. అక్కడ ఒళ్ళంటే చర్మం, కండ, ఎముక కాదు కదా. తన మీద తనకున్న అదుపు. కాబట్టి మీ రెండో వాక్యం ‘వాడికి అదుపు తప్పింది’ అని తీర్పు చెప్పేసింది. పాఠంలో ఆ తీర్పు ఉందా? మనస్తత్వశాస్త్రం నేను చదువుకోలేదు. తెలిసినవాళ్ళు చెప్పాలి.

డల్లాస్ నుంచి

తన్మయత్వం, తాదాత్మ్యం ఉండగా ఇంత టెన్షన్ ఎందుకండీ?

అనువాదకురాలు

తన్మయత్వం కూడా రసికుడి మాటే అండీ, కచేరీలో ముందు వరసలో కూర్చుంటుంది. తాదాత్మ్యం నాకు వేరే చోట కావాలి. తత్ ప్లస్ ఆత్మ, ‘అదే నేను’ అనుకోవడం. గుంపుల పాఠంలో మనిషి తన వర్గంతో తనని ఒకటిగా చూసుకోవడం అనే భావన ఉంది, దానికి దాచుకున్నాను. ఇక్కడ ఖర్చు పెట్టలేను.

సైకాలజీ చదివినవాడు

మాస్టారు అడిగారు కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

‘గుంపులో ఒళ్ళు తెలియదు’ అన్నది చాలా పాత సిద్ధాంతం. గుంపులో పడితే నాగరికుడు కూడా ఆటవికుడైపోతాడని ఫ్రాన్స్‌లో గుస్తావ్ ల బాన్ 1895లోనే రాశాడు. ఆయన మనసులో ఉన్నది విప్లవాలు, వీధుల్లోకి వచ్చిన కూలీలు. వాళ్ళంటే ఆయనకి భయం, ఆ భయం పుస్తకమంతా కనిపిస్తుంది. 1952లో ఫెస్టింగర్, పెపిటోన్, న్యూకూంబ్ ఈ ఊహని ప్రయోగశాలకి తెచ్చారు. 1969లో జింబార్డో అమ్మాయిలకి మొహం కనిపించకుండా ముసుగులు వేసి, ఎదుటి మనిషికి కరెంటు షాకులివ్వమన్నాడు. షాకులు ఉత్తుత్తివే, ఆ సంగతి వాళ్ళకి తెలియదు. పేరు బిళ్ళలు పెట్టుకున్నవాళ్ళ కంటే ముసుగు వేసుకున్నవాళ్ళు దాదాపు రెట్టింపు సేపు మీట నొక్కి ఉంచారు. అక్కడితో అందరూ ఒప్పేసుకున్నారు: మొహం దాచితే మనిషి మృగం.

1979లో జాన్సన్, డౌనింగ్ ఇంకో ప్రయోగం చేశారు. నాకు చాలా ఇష్టమైనది. కొందరికి అమెరికాలో నల్లవాళ్ళని చంపిన కు క్లక్స్ క్లాన్ వేషం లాంటి బట్టలు, కొందరికి నర్సు యూనిఫాం. మొదటి జట్టు షాకులు పెంచింది. నర్సు బట్టల్లో ఉన్నవాళ్ళు తగ్గించారు. అదీ ఎవరు ఎవరో తెలియకుండా ఉన్నప్పుడు ఇంకా తగ్గించారు! మొహం దాగితే మృగమే బయటికి రావాలని ఉంటే, నర్సుల లోంచి కూడా అదే రావాలి కదా.

తర్వాత స్టీఫెన్ రైకర్ అనే మనస్తత్వవేత్త. 1980 ఏప్రిల్ 2న ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ నగరంలో సెయింట్ పాల్స్ అనే పేటలో పోలీసులు ఒక కేఫ్‌లో సోదాకి వెళ్ళారు. గొడవ మొదలైంది. రాళ్ళు పడ్డాయి, పోలీసు కార్లు కాలాయి, ఒక బ్యాంకు తగలబడింది. అక్కడున్నవాళ్ళతో మాట్లాడి రైకర్ 1984లో పరిశోధనా పత్రం వేశాడు. ఆ గుంపు దేని మీద పడింది, దేని జోలికి పోలేదు అన్నదే అందులో అసలు సంగతి. పోలీసులని పేట పొలిమేర దాకా తరిమారు, అక్కడ ఆగిపోయారు. ఇళ్ళ జోలికి పోలేదు. ఒళ్ళు తెలియనివాడు పొలిమేర దగ్గర ఆగుతాడా? వాళ్ళు ‘నేను’ని పారేసుకోలేదు, ‘మేము సెయింట్ పాల్స్ వాళ్ళం’ అనే ఇంకో ‘నేను’లోకి మారారు అని రైకర్ వాదన.

అక్కా, ఈ పాఠానికి ‘ఒళ్ళు తెలియకుండా’ రాస్తే 1895 దగ్గరే ఆగిపోయినట్టు. రాళ్ళు విసిరినవాడికి మనం ఒక సాకు కూడా అందించినట్టు. “ఆవేశంలో ఒళ్ళు తెలియలేదు సార్” అని వాడే అంటాడు. ఆ మాట వాడి లాయరుకి వదిలేద్దాం.

కొత్త సభ్యుడు

గుంపులో గోవింద!

రిటైర్డ్ తెలుగు మాస్టారు

నవ్వులాటకి రాసినా, నాయనా, నువ్వు పనికొచ్చే మాట రాశావు. గుంపులో గోవింద అంటే ఒళ్ళు మరచినవాడు కాదు. తనని ఎవరూ వేలెత్తి చూపలేరని బాగా తెలిసినవాడు. నలుగురితో పాటు అరుస్తాడు, ఎవరు అరిచారంటే పక్కకి చూస్తాడు. జింబార్డో ముసుగు ప్రయోగానికి ఇంతకంటే దగ్గర మాట నాకు తోచడం లేదు.

అనువాదకురాలు

పాఠ్యపుస్తకంలో గోవిందయ్యని ఒప్పుకోరు మాస్టారూ. గుంపులో ‘నేను’ చెరిగిపోవడాన్ని ఇంగ్లీషులో ‘డీఇండివిడ్యుయేషన్’ అంటారు, దానికి నిఘంటువులో ‘వ్యక్తిత్వ లోపం’ అని ఇచ్చారు, అది రాస్తే పిల్లలు అదేదో రోగం అనుకుంటారు. ప్రస్తుతానికి ‘విడి గుర్తింపు చెరిగిపోవడం’ అని పెట్టి, పక్కన ఉదాహరణలో గుంపులో గోవింద తెస్తాను. రాళ్ళ వాక్యం మార్చేశాను: “గుంపులో చేరిన మనిషి తాను ఎవరి పక్షమో ఆ పక్షం కళ్ళతో చూడటం మొదలుపెడతాడు.” చప్పగా ఉంది, తెలుసు. అబద్ధం మాత్రం కాదు.

మూడోదానికి నేనే దారి వెతుక్కున్నాను. ‘పడి’ చాలు. మాటల్లో పడి పాలు పొంగించాను అంటాం, ఎవరికీ ఒళ్ళు తెలియక కాదు. “ఫోన్‌లో పడి టైము చూసుకోరు.” అయిపోయింది.

ఇక చిత్రకారుడే మిగిలాడు.

రిటైర్డ్ తెలుగు మాస్టారు

చిత్రకారుడికి పోతన దగ్గర ఒక సాక్ష్యం ఉంది. ప్రహ్లాదుడి మీద శార్దూల పద్యం, చాలామందికి నోటికి వచ్చే ఉంటుంది:

పానీయంబులు ద్రావుచుం గుడుచుచున్ భాషించుచున్ హాసలీ
లానిద్రాదులు సేయుచుం దిరుగుచున్ లక్షించుచున్ సంతత
శ్రీనారాయణపాదపద్మయుగళీచింతామృతాస్వాదసం
ధానుండై మఱచెన్ సురారిసుతుఁ డేతద్విశ్వమున్ భూవరా!

క్లాసులో ఈ పద్యం ఎన్నేళ్ళు చెప్పానో. భక్తి గురించే చెప్పాను, క్రియల గురించి చెప్పలేదు. ఇవాళ చూస్తుంటే ఆ క్రియలే కనిపిస్తున్నాయి. తాగుతూ, తింటూ, మాట్లాడుతూ, నవ్వుతూ, తిరుగుతూ. ఒళ్ళు తన పని తాను చేసుకుపోతోంది. మరచింది విశ్వాన్ని. ‘మఱచెన్’కి కర్మ ‘మేను’ అని పోతన వేయలేదు, ‘ఏతద్విశ్వమున్’ అని వేశాడు. మీ చిత్రకారుడి చెయ్యి కూడా అంతే. కుంచెని మరవదు, వీధిలో కూరగాయల బండిని మరుస్తుంది.

సైకాలజీ చదివినవాడు

సరిగ్గా అంతే మాస్టారూ. ‘నన్ను చూసి జనం ఏమనుకుంటారో’ అనే గొణుగుడు ఫ్లోలో ఆగిపోతుంది, పని మీద అదుపు ఉంటుంది అంటాడు చిక్‌సెంట్‌మిహాయి. పైగా పని అయ్యాక ‘నేను’ ఇంకాస్త గట్టిపడి తిరిగొస్తుందంటాడు. తాగినవాడికి అలా రాదు కదా!

డల్లాస్ నుంచి

అలాగైతే అవధాని మాటేమిటి? అష్టావధానంలో ఎనిమిది మంది చుట్టూ కూర్చుని లాగుతుంటారు. ఆయన విశ్వాన్ని మరిస్తే గంటలు ఎవరు లెక్కపెడతారు?

రిటైర్డ్ తెలుగు మాస్టారు

మంచి దెబ్బ. ఘంటాగణనం చేసేవాడు ఎప్పుడు పడితే అప్పుడు గంట కొడతాడు, చివర్లో ఎన్నో చెప్పాలి. అప్రస్తుత ప్రసంగం ఆయన పని ఒక్కటే, నడుస్తున్న పద్యాన్ని అడ్డంగా నరకడం. “అవధాని గారూ, మీ ఊళ్ళో చింతపండు కిలో ఎంత?” అంటాడు. అవధాని చమత్కారంగా జవాబిచ్చి, నిషిద్ధాక్షరి (ఈ అక్షరం వాడొద్దని అడుగడుగునా అడ్డుపడే అంశం) దగ్గర ఆపిన అక్షరం నుంచే మళ్ళీ ఎత్తుకుంటాడు. మైమరపు అక్కడ ఒక్క నిమిషం నిలవదు.

కానీ ఆ రంగంలోనే మీకు కావాల్సిన మాట ఉంది. ధార. అవధానికి రెండు కావాలంటారు, ధార, ధారణ. ధారణ అంటే గుర్తుపెట్టుకోవడం. ధార అంటే పద్యం తడుముకోకుండా రావడం. “ఆయనకి ధార బాగుంది” అంటే ప్రవాహమూ వచ్చింది, అదుపూ వచ్చింది. షికాగోలో వాళ్ళు చెప్పుకున్న నీళ్ళ పోలికే మనవాళ్ళూ ఎప్పుడో చెప్పుకున్నారు.

అనువాదకురాలు

మాస్టారూ, లేచి కాఫీ పెట్టుకుని వచ్చాను, అంత సంతోషం! ఒక్క చిక్కు. దీనికి క్రియ ఏం వేయాలి? ‘ధార పోశాడు’ అంటే దానం చేసేసినట్టు. ‘ధార కట్టింది’ అంటే చెమటో నెత్తురో. ‘ధారలో ఉన్నాడు’ అంటే స్నానం.

పోచంపల్లి నుంచి

నమస్తే అందరికీ. మాది మగ్గం ఇల్లు. నేను చదువుకుని హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నా గానీ, ఈ చర్చ చదివి అమ్మకి ఫోన్ చేశాను. పనిలో ఒళ్ళు మరచిపోతావా అని అడిగితే, ఏ పనిలో అంది. ఆసు పోసేటప్పుడు అన్నాను.

“ఒళ్ళు యాది లేకుండ ఎట్ల పోస్తం బిడ్డా, రెక్క గుంజుతనే ఉంటది.”

తెలియనివాళ్ళ కోసం: చిటికి కట్టే (రంగు అంటకూడని చోట ముడులు వేసే) ముందు నూలుని అర్ధచంద్రం లాంటి చట్రం మీద, మేకుల చుట్టూ చేత్తో తిప్పుతూ పోయాలి. ఒక చీరకి చెయ్యి 9,000 సార్ల దాకా ముందుకీ వెనక్కీ తిరుగుతుంది. ఆలేరు దగ్గర శారాజీపేటకి చెందిన చింతకింది మల్లేశం గారు వాళ్ళమ్మ లక్ష్మి గారి భుజం నొప్పి చూడలేకనే 1999లో ఆసు యంత్రం పూర్తి చేశారు, అమ్మ పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. అక్కా, మీ మూడో పాఠంలో ‘టెక్నాలజీ స్వీకరణ’ అని రాసి ఉంటారు. స్వీకరించేది సన్మానం. మా అమ్మని అడిగితే “మిషన్ అలవాటైంది” అంటుంది.

అనువాదకురాలు

‘స్వీకరణ’ అనే రాశాను. పట్టుబడ్డాను. ఉపయోగం ఉందనీ వాడటం సులువనీ అనిపిస్తేనే జనం కొత్తదాన్ని తీసుకుంటారని 1989లో డేవిస్ కట్టిన నమూనా ఆ పాఠంలో ఉంది. మీ అమ్మగారి భుజం ముందు ఆ పేరా చిన్నబోయింది. మరి మగ్గం మీద కూర్చున్నప్పుడు ఏమంటారో అడిగారా?

పోచంపల్లి నుంచి

అడిగాను అక్కా. అది నాన్న పని, ఫోన్ నాన్నకి ఇచ్చింది. పడుగు (నిలువు నూలు) మీద ఉన్న డిజైనూ పేకలో (అడ్డ నూలులో) ఉన్న డిజైనూ ఒకదాని మీద ఒకటి కూర్చోవాలి. కొంచెం జరిగినా పువ్వు చెదురుతుంది. అది కుదురుతున్నప్పుడు ఏమంటావు నాన్నా అంటే, కాసేపు ఆలోచించి “చెయ్యి ఆడుతుంది అంటం” అన్నాడు. కుదరని రోజు చెయ్యి ఆడదు, లేచి చాయ్ తాగొస్తాడు.

సైకాలజీ చదివినవాడు

ఆగండాగండి. చిక్‌సెంట్‌మిహాయి లెక్కలో, పని మన నేర్పుని మించితే కంగారు, నేర్పు కంటే పని మరీ తక్కువైతే విసుగు, రెండూ తూగితే ఫ్లో. 1975లో వేసిన పుస్తకం పేరులోనే విసుగు, కంగారు రెండూ ఉన్నాయి. తెలుగులో విసుగొస్తే ఏమంటాం? ‘ఏమీ తోచట్లేదు.’ కంగారొస్తే? ‘కాళ్ళూ చేతులూ ఆడట్లేదు.’ మధ్యలో ఉన్నదాన్ని వాళ్ళ నాన్నగారు చెప్పేశారు.

రిటైర్డ్ తెలుగు మాస్టారు

పేరు ‘ధార’, క్రియ ‘చెయ్యి ఆడటం’. నాకు అభ్యంతరం లేదు. పరీక్షలో పిల్లలు ‘చేతి ఆట’ అని రాస్తారేమో చూసుకోండి.

అనువాదకురాలు

“బొమ్మ కుదురుతున్నప్పుడు చిత్రకారుడి చెయ్యి ఆడుతుంది, వీధి వినబడదు. ఈ స్థితిని ధార అంటారు.” ఇప్పుడే టైప్ చేసి మా ఆయనకి చూపించాను. “ఈయన తాగలేదు” అన్నాడు.