సైనికుల రైలు బిల్లులో మూడో వంతు ఎక్కడ తగ్గించేవారు?

అమెరికా అంతర్యుద్ధంలో రైల్వేలు ప్రభుత్వానికి పెట్టిన బిల్లులు చూస్తున్నాను, ఒక లెక్క దగ్గర ఆగిపోయాను. 1861లో వార్ డిపార్ట్‌మెంట్ తరఫున థామస్ స్కాట్ ఖాయం చేసిన రేటు సైనికుడికి మైలుకు 2 సెంట్లు (ఆయన అప్పటికే పెన్సిల్వేనియా రైల్‌రోడ్ వైస్ ప్రెసిడెంట్, అది వేరే గొడవ). ఇల్లినాయ్ సెంట్రల్ అనే రైల్వే కంపెనీకి అదీ పూర్తిగా రాదు, ఎందుకంటే 1850 చట్టం కింద ప్రభుత్వ భూమి తీసుకుంది కాబట్టి సైన్యం దగ్గర టోల్ (అంటే లైను వాడుకున్నందుకు రుసుము) వసూలు చేయకూడదు, దానికి బదులు రేటులో మూడో వంతు తగ్గించాలని తేల్చారు.

నా దగ్గరున్న 1862 బిల్లు స్కాన్‌లో షికాగో నుంచి ఇల్లినాయ్‌లోనే ఉన్న కెయిరోకి 365 మైళ్లు, 100 మంది, 730 డాలర్లు అని ఉంది. అంటే ఫుల్ రేటు! మూడో వంతు పోతే 486.67 ఉండాలి. దూరం మళ్లీ సరిచూశాను, మధ్యలో వేరే కంపెనీ లైను లేదు, గుర్రాలూ సామానూ ఇందులో కలపలేదు. చెల్లింపు రాసే భాగం మాత్రం చిరిగిపోయింది, ఆన్‌లైన్‌లో దొరికిన మిగతా కాపీలు అసలు చదవడానికే రావట్లేదు.

ఈ మూడో వంతుని రైల్వేయే బిల్లులో తగ్గించి పంపేదా, లేక సైన్యం రవాణా, సరఫరాల ఖర్చులు చూసే క్వార్టర్‌మాస్టర్ ఆఫీసు డబ్బు చెల్లించేటప్పుడు కోసేదా?