సమస్య: ఎడమ లేని నౌక యెగిరె మింట

చుక్కాని:
ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. *ఎడమ / లేని / నౌక / యెగిరె / మింట*: అయిదూ సూర్యగణాలు (గురువు, లఘువు కలిసిన గలం, లేదా మూడు లఘువులు), ఎ–యె యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో మైత్రి).

సందర్భం వాషింగ్టన్ డి.సి.లోని జాతీయ వైమానిక, అంతరిక్ష మ్యూజియంలో ఉన్న ఎంటర్‌ప్రైజ్ నమూనా. స్టార్ ట్రెక్ టీవీ సీరియల్‌లోని అంతరిక్షనౌక అది, చిత్రీకరణ కోసం కట్టింది. పొడవు 11 అడుగుల పైచిలుకు, కట్టింది 1964లో. 1974లో మ్యూజియానికి చేరింది. 2014లో మరమ్మతుకు దించి, 2016లో మళ్ళీ అద్దాల పెట్టెలో పెట్టారు. అభిమానులు ముందు కుడివైపు ఫొటోలు తీసుకుంటారు. చుట్టూ తిరిగి ఎడమకు వచ్చాక నోరు వెళ్ళబెడతారు. ఆ ఎడమే మన సమస్య.

గగనవిహారి:
తీగలన్ని దూర తెరచాటు భాగమ్ము
కొసరు పనులు లేక గోడ వోలె
నిలువ, కుడిని మటుకె నేర్పుగా జూపంగ
ఎడమ లేని నౌక యెగిరె మింట.

చుక్కాని:
గగనవిహారి గారూ, విరుపు విప్పిన తీరు బాగుంది. కట్టినప్పుడు నమూనా లోపల దీపాల్లేవు. తర్వాత బల్బులు బిగించాల్సి వచ్చి, వైర్లన్నీ ఎడమ పక్కనుంచి బయటికి లాగారు. ఇక ఆ వైపు కెమెరాకు పనికిరాదు కనుక నగిషీ చేయలేదు. మీ మొదటి పాదంలోని ‘దూర’ ఈ కారణాన్ని ఒక్క మాటలో చెప్పింది. ‘కొ–గో’ యతి సరైనదే. ‘మటుకె’ వాడుక మాట. నాకు అభ్యంతరం లేదు, ఛాందసులకు ఉండవచ్చు.

తెరవెనుక:
ఇనుప రేకు తోడ యేర్పాటు గావించి
రెండు వందల పౌనుల బరువు నుండ
కదలకుండ తాను కెమెరాయె కదలంగ
ఎడమ లేని నౌక యెగిరె మింట.

సప్తర్షి:
తెరవెనుక గారూ, ఊహ పద్యానికి తగినదే. నౌక స్టాండు మీద కదలకుండా ఉండి, పట్టాల మీద కెమెరా దాని వైపు జరిగితే తెరపై నౌకే దూసుకొచ్చినట్టు కనబడుతుంది. కానీ మూడు చోట్ల దెబ్బతింది.

రెండో పాదం: రెండు / వంద / ల పౌను. మూడోది జగణం (లఘువు, గురువు, లఘువు), సూర్యగణం కాదు. ‘వందల’ అనగానే చివరి లఘువు పక్క గణంలోకి జారుతుంది. అంకెలు చెప్పేటప్పుడు మామూలుగా జరిగే తప్పే. ‘నూర్ల’ అంటే గలంతో సరిపోతుంది.

మూడో పాదం: క–కె యతి చెల్లదు. హల్లు కలిసింది గాని అచ్చు కలవలేదు. అకారానికి ఆ, ఐ, ఔ తోనే మైత్రి, ఎకారంతో కాదు.

మొదటి పాదం ఛందస్సుకు నిలుస్తుంది, నిజానికి నిలవదు. నమూనాలో లోహపు రేకు ఉన్నది నిజమే. అయినా పోప్లర్ కలప, అచ్చుపోసిన ప్లాస్టిక్ కూడా ఉన్నాయి. సవరణ:

పోప్లరనెడు చెక్క పొందుగా జెక్కిరి;
రెండు నూర్ల పౌన్లు రేవు విడిచె;
కదలకుండ తాను గాజు కన్నది సాగ
ఎడమ లేని నౌక యెగిరె మింట.

మూడో పాదంలో గాజు కన్ను అంటే కెమెరాయే. అక్కడ ‘గాజుకన్ / నదిసాగ’ అని మాట మధ్యలో గణం విరుగుతుంది. అది దోషం కాదు, చదివేటప్పుడు మటుకు ఆగకండి.

తెరవెనుక:
‘రేవు విడిచె’కు దండం పెట్టాలి. పోప్లరుకు యతి దొరుకుతుందని అనుకోలేదు!

వెన్నెలకాడ:
అద్దమంటి చుట్టు నాగక తిరిగెడు
భక్తు డెడమ కేగి పరచు దృష్టి;
తీరు లేమి జూచి తెల్లబోవు నచట
ఎడమ లేని నౌక యెగిరె మింట.

చుక్కాని:
‘చుట్టు నాగక’లో (చుట్టును + ఆగక) అ–ఆ స్వరయతి చక్కగా దాగింది. చిక్కంతా అన్వయంలో. మూడు పాదాల్లో మ్యూజియంలో ఉన్న భక్తుడు నాలుగో పాదంలో మాయమయ్యాడు. ఆకాశంలో ఎగిరిందన్నది ఎవరి మాటో తెలియదు. సమస్యను అతని నోట పెట్టేస్తే సరి:

తీరు లేమి జూచి తెల్లబోయెను “ఔర!
ఎడమ లేని నౌక యెగిరె మింట!”

సప్తర్షి:
ఇంకో పద్యానికి చోటుంది. నౌక ముందుండే పళ్ళెం లాంటి భాగం, అంటే సాసర్, దాని పై ముఖం మీద మటుకే 1960ల నాటి అసలు రంగు మిగిలింది, పెన్సిలు గీతలతో సహా. తక్కిన చోట్ల పాత మరమ్మతుల్లో కొత్త రంగు పడింది. 2014లో మొదలైన పనిలో ఆ పై ముఖాన్ని ముట్టుకోకుండా, మిగతా రంగును దానికి సరిపోల్చారు. వేడెక్కే పాత బల్బుల స్థానంలో ఎల్‌ఈడీలు వచ్చాయి. అక్కడికి వెళ్ళేవాళ్ళు కాస్త ఎత్తునుంచి చూడగలిగితే ఆ పై ముఖాన్నే చూడాలి.

చుక్కాని:
వచ్చే వారానికి అదే ఊళ్ళోని అమెరికన్ చరిత్ర మ్యూజియం. 1983 నాటి స్టార్ వార్స్ చిత్రంలోని బంగారు రోబో దుస్తులు అక్కడివే. అవి తొడుక్కున్న నటుడు షాట్ల మధ్య కూర్చోలేడు, వాలుగా పెట్టిన పలకకు ఆనుకోవాల్సిందే. ‘కూర్చుండు’ అన్నదే సాధురూపం అనే గొడవ ఈసారికి వద్దు. సమస్య:

కూర్చొనంగ లేడు గొప్పవాడు.