ఎక్స్ సర్వర్‌కి ఖాళీ నంబరు వెతకడం: పోర్టు చూస్తే చాలా?

పైపులైన్_పంతులు: ఒకే మెషీన్లో నాలుగు టెస్ట్ జాబులు, ఒక్కోదానికి ఒక ఎక్స్‌విఎఫ్‌బి (అసలు తెర లేకుండా మెమరీలోనే నడిచే ఎక్స్ సర్వర్; ఎక్స్ సర్వర్ అంటే లినక్స్‌లో విండోలు చూపించే ప్రోగ్రాం). అన్నిట్లోనూ డిస్‌ప్లే (ఏ సర్వరో చెప్పే నంబరు) 99 అనే రాసి ఉంది. మొదటిది లేస్తోంది, మిగతావి “సర్వర్ ఈజ్ ఆల్రెడీ యాక్టివ్” అని పడిపోతున్నాయి. 6000 నుంచి పోర్టులు చూసుకుంటూ పోయి ఖాళీది తీసుకుంటే సరిపోతుందా?

సాకెట్_సుబ్బి: సరిపోదండీ. 6000కి డిస్‌ప్లే నంబరు కలిపితే పోర్టు వచ్చే మాట నిజమే, 99కి 6099. కానీ ఎక్స్‌ఆర్గ్ (ఎక్స్ సర్వర్ కోడు) 1.17 నుంచి టీసీపీ (నెట్‌వర్క్ పోర్టు దారి) డిఫాల్ట్‌గా మూసే ఉంటుంది. సర్వర్ నడుస్తున్నా 6099 ఖాళీగానే కనిపిస్తుంది. చూడాల్సింది టెంప్ ఫోల్డర్లో ఆ నంబరు లాక్ ఫైలు (నంబరు వాడుకలో ఉందని చెప్పే గుర్తు), యూనిక్స్ సాకెట్ (అదే మెషీన్లోని ప్రోగ్రాములు సర్వర్‌తో మాట్లాడే దారి). లాక్ ఫైల్లో ఉండేది 11 బైట్లే: సర్వర్ పీఐడీ (ప్రాసెస్ నంబరు), చివర కొత్త లైను. ఆ పీఐడీ చచ్చిపోయి ఉంటే కొత్త సర్వరే లాక్ తీసేస్తుంది. అదే పీఐడీ ఇంకో ప్రాసెస్‌కి వచ్చి ఉంటే మాత్రం మొండికేస్తుంది, అప్పుడు చేత్తో తీసేయాలి.

రూట్_రాయుడు: అసలు వెతకడం ఎందుకు? మీరు చూసిన క్షణానికీ సర్వర్ లేచే క్షణానికీ మధ్య ఇంకో జాబు దూరుతుంది. నంబరు ఇవ్వకుండా ‘-డిస్‌ప్లేఎఫ్‌డీ 3’ ఇవ్వండి, సర్వరే ఖాళీ నంబరు ఎంచుకుని 3 అనే ఫైల్ డిస్క్రిప్టర్‌లో రాస్తుంది. ఆ 3ని ఒక ఫైఫోకి (ఒక ప్రోగ్రాం రాస్తే ఇంకోటి చదివే పైపు ఫైలు) మళ్ళించి సర్వర్‌ని బ్యాక్‌గ్రౌండ్‌లో వదలండి, ఫైఫోలోంచి ఒక లైను చదవండి. వచ్చిన అంకెకి ముందు కోలన్ పెట్టి డిస్‌ప్లే వేరియబుల్‌లో వేయండి. సర్వర్ సిద్ధమయ్యాకే ఆ లైను వస్తుంది కాబట్టి ‘స్లీప్ 5’ లాంటి మొక్కుబడి కూడా అక్కర్లేదు.

పైపులైన్_పంతులు: ఎక్స్‌విఎఫ్‌బి-రన్‌కి (ఎక్స్‌విఎఫ్‌బిని లేపి అందులో ప్రోగ్రాం నడిపే స్క్రిప్టు) ‘-ఏ’ ఇస్తేనో?

రూట్_రాయుడు: అది 99 దగ్గర మొదలెట్టి లాక్ ఫైలు లేని నంబరు చూస్తుంది. నాలుగూ ఒకేసారి లేస్తే, చూడటానికీ లేవడానికీ మధ్య అదే సందు.

డబ్బా_దాసు: డాకర్ (ప్రోగ్రాముల్ని కంటైనర్లనే విడి పెట్టెల్లో నడిపేది) వాళ్ళకో మాట. హోస్ట్ నెట్‌వర్క్‌తో నడిపితే కంటైనర్ టెంప్‌లో లాక్ లేకపోయినా నంబరు దొరక్కపోవచ్చు. లినక్స్‌లో అబ్‌స్ట్రాక్ట్ సాకెట్ (ఫైలు లేకుండా పేరు మాత్రమే ఉండే యూనిక్స్ సాకెట్) ఫైల్ సిస్టమ్‌లో ఉండదు, నెట్‌వర్క్ నేమ్‌స్పేస్‌లో (కంటైనర్‌కుండే నెట్‌వర్క్ హద్దు, ఇక్కడ అది హోస్ట్‌దే) ఉంటుంది. ‘ఎస్ఎస్ -ఎక్స్ఎల్’ కొడితే ముందు ‘@’ గుర్తుతో కనిపిస్తుంది. ‘-నోలిసెన్ లోకల్’ పెడితే ఆ గొడవ పోతుంది.

సాకెట్_సుబ్బి: 10 నుంచి పైన కాసిని నంబర్లు వదిలేయండి. ఎస్ఎస్‌హెచ్ ఎక్స్ ఫార్వర్డింగ్ (దూరపు మెషీన్ విండోల్ని మీ ల్యాప్‌టాప్‌లో చూపించేది) 6010 నుంచి పట్టుకుంటుంది, లాక్ ఫైలు పెట్టదు. టీసీపీ మూసిన ఎక్స్‌విఎఫ్‌బి 10 మీద నిక్షేపంగా లేస్తుంది. ఆపైన ‘లోకల్‌హోస్ట్:10’ అంటే విండో మీ ల్యాప్‌టాప్‌లో తెరుచుకుంటుంది, ఉత్త ‘:10’ అంటే ఎక్స్‌విఎఫ్‌బిలోకి పోతుంది. పోర్టు చూడటం నిజంగా పనికొచ్చేది ఇక్కడే.

డబ్బా_దాసు: విఎన్‌సీ (ఆ తెరని దూరం నుంచి చూసే పద్ధతి) ఉంటే 5900కి అదే నంబరు కలిపిన పోర్టు కూడా ఖాళీ ఉండాలి.